వార్షికాదాయం: ఐదు నుంచి పది లక్షలు

పిల్ల ముడ్డి కడుగుతుండగా ఫోను మోగింది. తొమ్మిదయిందంటే మోగుతుంది.

"ఓటీపీ వచ్చిందా?" మస్కట్ నుంచి సాగర్.

"పిల్లను కడుగుతున్న."

"ఇంకో చెయ్యి లేదా నీకు? మార్కెట్ తెరుస్తరు, నేను డ్యూటీకి పోవాలె. జల్ది చెప్పు."

కోమల ఎడమచేత్తో పిల్లను ఒడిసిపట్టి, కుడిచేతిని లంగాకు తుడుచుకుని ఆరు అంకెలు చదివింది. అవతల ఫోను పెట్టేశాడు. పిల్లకు జ్వరం తగ్గిందా అని అడగలేదు. ఏడాదిగా ఇదే వరస. గల్ఫ్‌లో ఉన్నవాడు షేర్ల ఖాతా తెరవాలంటే కాగితాల తతంగం ఎక్కువట. అందుకని సెలవు మీద కోరుట్ల వచ్చినప్పుడు ఆమె పాన్ కార్డు, ఆధారు పెట్టి ఆమె పేరునే తెరిచాడు. "కెమెరా దిక్కు చూడు, కండ్లార్పు, తల తిప్పు" అంటే ఆర్పింది, తిప్పింది, అంగట్లో బేరానికొచ్చిన బర్రె నోరు తెరిచి పళ్లు చూపించినట్టు. ఇదంతా ఏందని అడిగితే, "ఇంటర్ల బంద్ వెట్టినదానివి, నీకు సమజ్ గాదు. అంకెలు చెప్పు సాలు" అన్నాడు. ఇంటర్ ఆమె మానలేదు. వీళ్ల ఇంటికి తేవడానికే మాన్పించారు.

సమజ్ గాదన్న మాట ఆమెను వదల్లేదు. బీడీలు చుట్టేటప్పుడు ఫోనును గోడకానించి, షేర్ల గురించి ఓనమాల నుంచి చెప్పే ఓ మేడం పాఠాలు పెట్టుకుంది. ఆకు కత్తిరించడం ఆపకుండా, తెలియనిచోట మోచేత్తో వెనక్కి జరుపుకుంటూ విన్నది. షేరంటే కంపెనీలో వాటా, ఓపికతో ఉంచుకునేది. ఆప్షనంటే ధర ఫలానా రోజులోపు పెరుగుతుందనో తగ్గుతుందనో కాసేది. లెక్క తప్పితే పెట్టింది పోతుంది. ఖాతా ఎవరి పేరున ఉంటే పన్నులవాళ్లకు జవాబు చెప్పాల్సిందీ వాళ్లే. ఆ మాటకు ఆమె చేతిలో బీడీ విడిపోయింది.

సెలవులో అతను తన ఫోనులో పెట్టిపోయిన షేర్ల యాప్‌ను మొదటిసారి తనే తెరిచింది. ఏడాది మొత్తంలో ఒక్క షేరూ లేదు. అన్నీ పందేలే, అన్నీ నష్టం చూపిస్తూ ఎర్రగా. వివరాల పేజీలో ఆమె ఫోటో, పక్కన రాసి ఉంది: వృత్తి, వ్యాపారం. వార్షికాదాయం, ఐదు నుంచి పది లక్షలు. పందేలకు అనుమతి రావాలంటే అంత ఆదాయం చూపాలి కాబట్టి చూపించాడు. వెయ్యి బీడీలు చుడితే రెండు వందల చిల్లర. సెలవుల్లో పక్కన పడుకుని, "తంబాకు కంపు, పోయి చేతులు కడుక్కో" అని మొహం తిప్పుకున్నవాడే ఆ చేతులను లక్షాధికారి చేతులని రాసిచ్చాడు. కోమల ఒళ్లోని చాట పక్కన పెట్టింది. లేచి బయటికి పోయి ఉమ్మేసి వచ్చింది.

"మొగోని పనిల ఏలు వెట్టకు పిల్లా," అంది అత్త ఐలవ్వ, సంగతి చెప్తే. "వాడు ఎండల సచ్చుకుంట పంపుతుండు."

"నేను నీడల గూసోని సస్తున్న అత్తా."

మరుసటి వారం బీడీల డబ్బు రాగానే, అదే ఖాతాలో, యాభై పెద్ద కంపెనీల్లో కలిపి పిసరంత వాటా ఇచ్చే ఫండులో ఒక్క యూనిట్ కొన్నది. రెండు రూపాయలు తగ్గితే గంటకోసారి తెరిచి చూసుకుంది. నాలుగు తగ్గితే మేడం పాఠం మళ్లీ పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది. మూడో రోజుకు ఆ యూనిట్ లేదు.

"గదేంది గా చిల్లర సామాను?" సాగర్ ఫోనులో నవ్వాడు. "మా రూమోళ్లు సూసి ఒకటే నవ్వుడు. అమ్మిపారేసిన. గని ఇను, నీ బీడీల పీఎఫ్ ఉంది గద, తియ్యి. ఒక్క నెలల డబుల్ జేస్త."

ఎనిమిదేళ్ల పీఎఫ్. పిల్ల ఇంటర్ దగ్గర ఆగిపోకూడదని ముట్టుకోనిది. "నెట్టు సరిగ్గొస్తలేదు" అని పెట్టేసింది.

శుక్రవారం మార్కెట్ మూసేశాక పాస్‌వర్డ్ మార్చడానికి కూర్చుంది. యాప్ పాన్ నంబరు అడిగింది, పుట్టిన తేదీ అడిగింది, ఫోనుకు అంకెలు పంపింది. అడిగినవన్నీ తన దగ్గరే ఉన్నాయి; ఇన్నాళ్లూ తన దగ్గరే ఉన్నాయి. ఆప్షన్ల అనుమతిని రద్దు చేసింది. ఆదాయం దిద్దింది. షేర్ల ఖాతాలో మిగిలిన పదకొండు వేలు వెనక్కి తీసి, అవి తన బ్యాంకులోకి దిగగానే ఐలవ్వ ఖాతాకు పంపింది.

సోమవారం ఫోను ఆగకుండా మోగింది.

"పాస్‌వర్డ్ తప్పంటుందేందే?"

"మార్చిన."

"దిమాక్ ఖరాబయిందా? నా పైసల మీద నీ పెత్తనమేంది?"

"నీ పైసలు మీ అవ్వ ఖాతాలేసిన. పీఎఫ్ మాత్రం తియ్య."

ఐలవ్వ చేతిలో చాటతో గడపలో నిలబడిపోయింది. అవతల సాగర్ గొంతు చిన్నపిల్లాడిదైంది.

"మరి నేనెట్ల ఆడాలెనే?"

"నీ పేరు మీద ఆడుకో," అంది కోమల.