బోథ్‌లో ఉన్న నా సర్వ

మా వీధిలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు. పప్పు పంపిస్తే ఆ గిన్నెలో రెండు జామపండ్లు పెట్టి పంపుతారు. ఇంట్లో ఏమీ లేని రోజు పిడికెడు చక్కెరైనా వేస్తారు. గిన్నె ఖాళీగా చేతికొచ్చిందంటే ఇక మీతో మాకు రాకపోకలు వద్దని చెప్పినట్టు. ఈ సంగతి మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కోడలిగా వచ్చిన కొత్తలోనే తెలిసిపోతుంది.

నా ఇత్తడి సర్వ నాలుగేళ్ళుగా బోథ్ అనే దూరపు ఊళ్ళో ఉండిపోయింది. వెడల్పు మూతి, గుండ్రటి అడుగు, అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన అనసూర్య అనే నా పేరు. బడి ముఖం చూడని నేను మొట్టమొదట చదివింది ఆ చుక్కలనే. సర్వ ఉన్నది బిస్మిల్లా బీ దగ్గర.

మా హుజూరాబాద్‌లో బిస్మిల్లా బీకి, నాకు మధ్య ఒకటే గోడ. ముప్పై ఏళ్ళు ఆ గోడకు ఇటు నేను మరమగ్గాలకు కండెలు చుట్టాను, అటు ఆమె బొంతలు కుట్టింది. బతుకమ్మకు నా మలీదా సర్వ నిండా అటు వెళ్ళేది. పీరీల పండుగకు ఆమె మలీదా అదే సర్వలో ఇటు వచ్చేది. నాది రొట్టెలు చిదిమి బెల్లం, నెయ్యి కలిపిన మామూలు మలీదా. ఆమెది వేరు. రొట్టె చెయ్యి కాలేంత వేడి మీద ఉండగానే చిదిమేది. సోంపు నల్లబడేదాకా వేయించి అరచేతుల్లో నలిపి కలిపేది. అది వాళ్ళ అమ్మ పద్ధతి. ఆమె కూతురు యాస్మీన్‌కు వంటిల్లంటే పడదు. అందుకే ఒక రోజు నా చేతుల మీద తన చేతులు పెట్టి నాకు నేర్పింది.

"మా అమ్మీ నాకొక్కదానికే చెప్పింది. నేను నీకొక్కదానికే చెప్తున్న చెల్లె," అన్నది.

ఆమె భర్త గులాం నబీ చనిపోయాక ఒక్కతే ఉండలేకపోయింది. బోథ్‌లో కాపురముంటున్న యాస్మీన్ తన దగ్గరికి రమ్మని పోరుతూ ఉండేది. నేను కంటి ఆపరేషన్‌కు కరీంనగర్ వెళ్ళాను. కంటి మీద పచ్చగుడ్డతో తిరిగి వచ్చేసరికి పక్కింటికి తాళం వేసి ఉంది. ఆ బతుకమ్మకు నేను నింపి పంపిన సర్వ కూడా ఆమెతోనే వెళ్ళిపోయింది.

ఫోన్ చేయొచ్చు కదా అంటారు. పోతూ ఒక్క మాట చెప్పని మనిషికి నేనెందుకు చేయాలి అనుకున్నాను మొదట. తరువాత, ఇన్నాళ్ళు చేయనిదాన్ని ఇప్పుడు ఏ మొహంతో చేయాలి అనుకున్నాను. నా వాళ్ళు చాలామంది చెప్పకుండానే పోయారు. మా ఆయన మగ్గం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పొద్దున నాతో మాట్లాడి ఆస్పత్రికి నడిచి వెళ్ళిన మా తమ్ముణ్ణి సాయంత్రం బండి మీద తెచ్చారు. వాళ్ళ దగ్గర నాకు రావలసింది ఏదీ మిగల్లేదు. బిస్మిల్లా బీ దగ్గర మాత్రం ఉంది. సర్వ తిరిగి రావాలి, నిండుగా రావాలి. అది వచ్చేదాకా మేము విడిపోయినట్టు కాదు. రాత్రిపూట మెలకువ వచ్చినప్పుడల్లా ఇదే మాట చెప్పుకుని పడుకునేదాన్ని.

ఈ యేడు వానలు తగ్గాక సుధాకర్ వచ్చాడు. మా వెనుక వీధి దశరథం కొడుకు. ఇటలీకి దక్షిణాన పూలియా అనే ప్రాంతంలో ఆరేడేళ్ళు టూరిస్టుల వ్యాన్ నడిపి వచ్చాడు.

"గాడ ముసలవ్వలు ఇండ్ల ముంగట బల్లలేసుకొని పిండి పిసుకుతరు చిన్నమ్మా," అన్నాడు. "ఎనిమిది మందిని వ్యాన్ల ఏస్కపోయి చూపెట్టేటోన్ని. వాళ్ళ తాన కూసుంటరు, తింటరు, ముచ్చట్లింటరు. మన తాన గంతకంటె ఏం తక్కువున్నది?"

"పిండి పిసుకుడు సూడనీకె గంత దూరం పోతరా?"

"పోతరు. ఇంట్ల వాళ్ళమ్మ పిసుకుతె సూడరు గని, గంత దూరం పోయి సూస్తరు."

అతని ఏర్పాటు ఇది. మొదటి రోజు పొద్దున కరీంనగర్‌లో వెండి తీగ పని, మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. రెండో రోజు నిర్మల్ బొమ్మలు, బోథ్ దగ్గర జలపాతం, బోథ్‌లోనే ఒక ఇంట్లో తిండి. బోథ్‌లో మంచిగా వండేవాళ్ళు ఎవరైనా తెలుసా అని అడిగాడు. బిస్మిల్లా బీ పేరు నా నోటి నుంచి నేననుకోకుండానే వచ్చింది.

వారం తరువాత వచ్చి, యాస్మీన్ నంబరు దొరికిందని, బిస్మిల్లా బీతో మాట్లాడానని చెప్పాడు.

"నా గురించి ఏమన్న అన్నదా?"

"ఆమె సర్వ నా తాననే ఉన్నది, వచ్చి తీస్కపొమ్మను అన్నది."

"ఏ గొంతుతోని అన్నది?"

"గొంతేంది చిన్నమ్మా, ఫోన్ల అన్నది."

నన్ను కూడా వ్యాన్‌లో బోథ్ తీసుకుపోతేనే మా ఇంట్లో వండుతానని చెప్పాను. గెస్టులకే సీట్లు సరిపోవని గొణిగి, డ్రైవర్ పక్కన కూర్చోబెడతానన్నాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. వ్యాన్ ఆగిపోతుందేమో, నన్ను మరిచిపోయి పోతారేమో, నేను చేరేలోపు ఆమెకే ఏమైనా అవుతుందేమో.

గెస్టులు వచ్చే ముందు రోజు సుధాకర్ నా చేత మాటలు కూడా వల్లె వేయించాడు.

"మలీదా తినంగనే ఎవరు నేర్పిన్రని అడుగుతరు. ఏం చెప్తవ్?"

"బిస్మిల్లక్క నేర్పిందని చెప్త."

అతను నుదురు రుద్దుకున్నాడు. "రేపు బోథ్‌ల చూసేది ఆమెనే గద. రెండిండ్లల్ల ఒక్కటే మనిషి ముచ్చటైతె గెస్టులు బేజారైతరు. ఇంటికో కథ ఉండాలె చిన్నమ్మా. మీ అవ్వ నేర్పిందని చెప్పు."

"మా అవ్వకు మలీదా రాదు. పొద్దంత కండెలు సుట్టి, ఇంత గట్క పోసి పండవెట్టేది. మలీదా ఎందుకు, సర్వపిండి చేస్త తియ్యి."

"అది పొద్దుగాల్నే కరీంనగర్‌ల తినిపిస్తున్న. మీ అవ్వను ఎవరన్న పోయి అడుగుతరా? పూలియాల గూడ అందరు గిట్లనే చెప్తరు." గొంతు తగ్గించాడు. "నీకోసమని ముంగట సీటు ఖాళీ వెట్టిన. నీతోని కాదంటె ఇప్పుడే చెప్పు, ఇంకో ఇల్లు చూస్కుంట."

ఇంకో ఇల్లంటే ఆ సీటు కూడా ఇంకొకరిదే. సరే అన్నాను.

మరునాడు ఎనిమిది మంది వచ్చి మా వాకిట్లో చాపల మీద కూర్చున్నారు. ఆరుగురు హైదరాబాద్ వాళ్ళు, ఇద్దరు ఇటలీ వాళ్ళు. ఇటలీ ఆమె పేరు పావొలా. నా ఈడుదే. వేడి రొట్టె తానూ చిదుముతానని కూర్చుని, వేళ్ళు కాలి నోట్లో పెట్టుకుని నవ్వింది. హర్షిణి అనే హైదరాబాద్ పిల్ల నా ముఖం ముందు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ ఉంది.

"ఎంత బాగుందో అమ్మమ్మా. ఎవరు నేర్పించారు?"

సుధాకర్ నా వైపే చూస్తున్నాడు. "మా అవ్వ," అన్నాను. ఊరికే అంతటితో ఆగితే బాగుండేది. ఆ పిల్ల ఫోన్ దించలేదు, ఇంకా చెప్పమన్నట్టు తల ఊపింది. వంట నేర్పిన తల్లి గురించి నాకు తెలిసినవి బిస్మిల్లా బీ చెప్పిన మాటలే. అవే వచ్చాయి. "సోంపు నల్లగ ఏంచి అరచేతుల నలుపాలె. మా అవ్వ నాకొక్కదానికే చెప్పింది."

అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో రోజు తెల్లవారుజామునే బయలుదేరాం. ఖాళీ చేతులతో పోవద్దని స్టీలు డబ్బాలో బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి పెట్టుకున్నాను. జగిత్యాల దాటి, గోదావరి వంతెన దాటి, నిర్మల్‌లో ఆగినప్పుడు అందరూ దిగి బొమ్మలు చూశారు. వదిలేసి పోతారన్న భయంతో నేను దిగలేదు. ఘాట్ రోడ్డు ఎక్కి దిగాక, జలపాతం దగ్గర కూడా వ్యాన్‌లోనే కూర్చున్నాను, ఆ తరువాత పత్తి చేలు కనబడ్డాయి. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఆమె మొదట ఏమంటుంది, నేను ఏమనాలి అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

బోథ్ చేరాం. బిస్మిల్లా బీ గుమ్మంలోనే నా ముఖం రెండు చేతుల్లో పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి నా కన్ను చూసింది. చాలా చిక్కిపోయింది. చేతులు మాత్రం అవే, సూది పోట్లతో గరుకుగా.

"కనవడుతుందా మంచిగ?"

"కనవడుతుంది. చెప్పకుంట పోయినవ్ అక్కా."

"నీకు కంటి ఆపరేషన్ అయితుండె. ఏడిస్తె కన్ను ఖరాబైతదని డాక్టర్ చెప్పిండని నువ్వే అంటివి. చెప్తె నువ్వు ఏడ్వకుంటుంటివా? జర కోపమొచ్చినా మంచిదే, కన్ను దక్కుతదనుకున్న."

నాలుగేళ్ళ కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆమె నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది. పొయ్యి పక్కన అరుగు మీద నా సర్వ ఉంది. బంగారంలా తోమి ఉంది. మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది, గుడ్డ మధ్యలో పైకి ఉబ్బి ఉంది. సోంపు వాసన వస్తోంది.

"ముట్టకు. గెస్టులకు పుంటికూర మాంసం, జొన్నరొట్టెలు చేసిన. ఇది వాళ్ళకు కాదు, నీకే. పోయేటప్పుడు చేతికిస్త," అన్నది.

ముందుగదిలో అందరం వరుసగా కూర్చున్నాం. యాస్మీన్ రొట్టెలు వడ్డిస్తోంది. బిస్మిల్లా బీ నా పక్కనే కూర్చుని, నా డబ్బాలోని సర్వపిండి తుంచుకుని తింటోంది. అప్పుడు హర్షిణి వంటింటి వైపు ముఖం తిప్పి గాలి పీల్చింది.

"ఈ వాసన నాకు తెలుసు. నిన్న అమ్మమ్మ చేసిన మలీదా కదా? మీకు కూడా ఈ అమ్మమ్మే నేర్పించిందా?"

బిస్మిల్లా బీకి అర్థం కాలేదు. హర్షిణిలో చెడ్డతనమేమీ లేదు. స్నేహితురాలిని వీడియోలో చూసి సంతోషిస్తుందనుకుంది. ఫోన్ తీసి ఆమె ముందు పట్టుకుంది. నా గొంతు నాకే వినబడింది. మా అవ్వ, సోంపు, నాకొక్కదానికే.

బిస్మిల్లా బీ చివరిదాకా చూసి, "మల్ల పెట్టు బేటా," అన్నది. మళ్ళీ చూసింది.

"టూర్ కోసం చెప్పుంటది అమ్మీ, తీయ్," అని యాస్మీన్ రొట్టెల గంప పట్టుకుని నిలబడింది.

"సుధాకర్ చెప్పమన్నడక్కా," అన్నాను. "చెప్పకుంటె నన్ను ఇక్కడికి తోలుకరాకపోతుండె. నిన్ను సూడనీకెనే చెప్పిన."

"నన్ను సూడనీకె మా అమ్మీని తీసేసినవా." ఆమె గొంతు పెంచలేదు. "మా ఆయన గోరీ మీ ఊర్లనే ఉండిపాయె. ఇల్లు లేదు, సామాన్లు లేవు. మా అమ్మీది నా తాన మిగిలింది గిదొక్కటే. ఈ పిల్లకు రాదు, నీ చేతులల్ల ఉంటదని ఇచ్చిన. నీ చేతులల్ల ఉన్నది, పేరే లేదు."

సుధాకర్ మధ్యలో వచ్చాడు. "బీ, గిది చిన్న ముచ్చట. గెస్టుల ముంగట..."

"గెస్టులకు తక్కువ చెయ్య బిడ్డా," అని ఆమె లేచింది.

వంటింట్లోకి వెళ్ళి సర్వ తెచ్చింది. గుడ్డ తీసేసింది. గరిటె తీసుకుని మొదటి పళ్ళెం దగ్గర వంగింది. పావొలాకు పెట్టింది, ఆమె భర్తకు పెట్టింది, హర్షిణికి పెట్టింది. పళ్ళెం తరువాత పళ్ళెం. సుధాకర్‌కు, బయట వ్యాన్‌లో ఉన్న డ్రైవర్‌కు కూడా పంపింది. వరుస చివర నా పళ్ళెం దగ్గరికి వచ్చింది. సర్వ అడుగున మిగిలింది గీకి వేసింది.

"తినుండ్రి అమ్మా. మీరు దూరంకెల్లి వచ్చిన్రు," అన్నది.

ముప్పై ఏళ్ళలో ఆమె నన్ను మీరు అనలేదు.

నేను తినలేదు, తినలేదని ఆమె చూడనూ లేదు. పెరట్లోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చుంది. చింతపండు, బూడిద పెట్టి సర్వను లోపల, బయట తోమింది. నేను వెనక నిలబడి అక్కా అక్కా అన్నాను. ఒక్క సోంపు గింజ కూడా మిగలకుండా అడుగంతా వేళ్ళతో తడిమింది. రెండుసార్లు కడిగి తన కొంగుతో తుడిచింది. తడి పూర్తిగా పోయాక, వీధి గుమ్మం దగ్గర అందరూ చెప్పులు వేసుకుంటూ ఉండగా తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టింది.

"అక్కా, పిడికెడు చక్కెరన్న ఎయ్యి," అన్నాను. అంత మంది ముందు అడిగాను.

"మీ సామాను మీకు ముట్టింది," అని ఆమె లోపలికి వెళ్ళింది. యాస్మీన్ నా ముఖం, తల్లి వీపు మార్చి మార్చి చూసి, తలుపు దగ్గరగా వేసింది.

పావొలా మా ఇద్దరినీ, సర్వను ఫోటో తీసింది. వ్యాన్‌లో కూర్చున్నాక ఏదో అంటే సుధాకర్ నవ్వుతూ నాకు చెప్పాడు. "నీ గిన్నెను ఎంత పానం వెట్టి తోమిచ్చింది, గీ టూర్ల గదే మస్తు మంచిగనిపించిందట చిన్నమ్మా."

సర్వ ఒళ్ళో ఉంది. గుంతల్లో వ్యాన్ ఎగిరినప్పుడల్లా నా గాజులు తగిలి మోగుతోంది. నిర్మల్‌లో టీ కోసం ఆగినప్పుడు ఎదురుగా కిరాణా దుకాణం కనబడింది. ఖాళీగా గుమ్మం దాటించవద్దని దిగి, బెల్లం ముద్ద కొని అందులో వేసుకుని వచ్చాను. వేశాక గాని తెలియలేదు, నేను వేసుకున్నది దేనికీ చెల్లదని. తీసి డ్రైవర్ చేతికిచ్చాను.

గోదావరి దాటుతుండగా సుధాకర్ వెనక నుంచి వంగాడు. "వచ్చే నెల ఇంకో బ్యాచ్ ఉన్నది. మలీదానే పెడుదాం. అందరికి నచ్చింది."

"ఎవరు నేర్పిన్రని అడిగితె?"

"మీ అవ్వనే. ఇప్పుడు వీడియోల గూడ ఉన్నది గద."

నేను గోదావరి నీళ్ళ వైపు తల తిప్పాను. సరే అన్నాననుకుని అతను వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను సర్వను తిప్పి, అంచున నా పేరు మీద వేలు పెట్టాను. ఆమె ఎంత గట్టిగా తోమిందంటే, చుక్కల్లో నాలుగేళ్ళుగా పేరుకున్న మట్టి కూడా లేదు.