కుర్చీల గది

ఆదివారం ఉదయం ఆ ప్రార్థన మందిరం కళకళలాడుతూ ఉంటుంది. గుమ్మం దగ్గర ఇద్దరు నిలబడి, వచ్చినవాళ్లను వచ్చినట్టు నవ్వుతూ ముందు వరుసల్లోకి పంపుతారు. టైలరమ్మ తన తమ్ముడితో వస్తే మాత్రం ఆ నవ్వు అక్కడే ఆగిపోతుంది. ఇద్దరికీ చివరి వరుసలో, గొడుగులు పెట్టే మూల చూపిస్తారు. ఎవరూ పొమ్మనరు. అలాగని పక్కన ఎవరూ కూర్చోరు.

తమ్ముడు ఎలక్ట్రీషియన్. ఆ మందిరంలో ప్రతి వైరూ, ప్రతి స్పీకరూ అతను బిగించినవే. ఇరవై ఆరో ఏట జబ్బు పడ్డాడు. గోడలోని వైర్లు తనను తిడుతున్నాయని ఇంట్లో స్విచ్‌బోర్డులన్నీ ఊడబెరికాడు. డాక్టరు స్కిజోఫ్రెనియా అన్నాడు. అక్క భయపడింది, ఏడ్చింది, తర్వాత కళ్లు తుడుచుకుని రోజూ దగ్గరుండి మాత్రలు వేయించింది. మూడేళ్లలో తమ్ముడు మళ్లీ పనిలోకి వెళ్లాడు. మాత్రల వల్ల చేతులు కాస్త వణికేవి. ఆ వణుకు చూసి మందిరంలో మనవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు.

ఒక ఆదివారం బయటినుంచి పేరున్న ప్రసంగీకుడు వచ్చాడు. సంఘ పెద్ద ఏరికోరి తమ్ముణ్ణి చేయి పట్టుకుని వేదిక ఎక్కించాడు.

"నీకు నమ్మకం దేవుడి మీదా, మాత్రల మీదా?" అని మైకులో అడిగాడు ప్రసంగీకుడు.

మూడు వందలమంది చూస్తుంటే ఆ మనిషి ఏం చెప్పగలడు? జేబులోని మాత్రల అట్ట తీసి చెత్తబుట్టలో పడేశాడు. చప్పట్లు మోగాయి. ఫోన్లు పైకి లేచాయి. వెనకనుంచి "వద్దురా!" అని అక్క పెట్టిన కేక డ్రమ్ముల మోతలో కలిసిపోయింది.

బయటికొచ్చాక తమ్ముడి మొహం వెలిగిపోతోంది. "అక్కా, ఇవాళ అందరూ నాతో చేయి కలిపారే!"

ఆ ఒక్క మాటకే ఆమె గుండె తరుక్కుపోయింది. మూడేళ్లుగా అతని చేయి ముట్టుకున్నవాళ్లు లేరు మరి.

ఆ తర్వాత ఎంత బతిమాలినా మాత్ర మింగలేదు. "మళ్లీ వేసుకుంటే నాకు నమ్మకం లేదనుకుంటారక్కా" అనేవాడు. ఐదో వారానికి గోడలు మళ్లీ తిట్టడం మొదలుపెట్టాయి. అన్నం మానేశాడు, నిద్ర మానేశాడు. అక్క సంఘ పెద్ద దగ్గరికి పరుగెత్తింది.

"మీరు ఆపించారు కదండీ, వేసుకోమని మీరే చెప్పండి. మీ మాట వింటాడు."

ఆయన పళ్లు కుట్టుకుంటూ తీరిగ్గా అన్నాడు: "మీ ఇంట్లో ఏదో పాపం ఉంటుందమ్మా. ముందు అది కడుక్కోండి."

ఆమె ఇక మందిరం పాస్టరుగారితోనే చెప్పించాలనుకుంది. మందిర వార్షికోత్సవం రోజున తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అతిథులు దిగుతున్నారు. సంఘ పెద్ద ఎదురొచ్చి, "నువ్వు వెళ్లి వంటగదిలో సాయం చెయ్యమ్మా, వీణ్ణి మేం చూసుకుంటాం" అన్నాడు. పిచ్చితల్లి నమ్మింది.

వాళ్లు చూసుకున్న తీరు వినండి. వెనక ప్లాస్టిక్ కుర్చీలు దొంతర్లు పెట్టే గదిలోకి అతన్ని తోసి, ఒక బకెట్టు పెట్టి, తాళం వేశారు. అతను తలుపు బాదాడు. సంఘ పెద్ద సౌండు పెంచమని సైగ చేశాడు. అతను బిగించిన స్పీకర్లే అతని కేకల్ని మింగేశాయి. గోడకు ఇవతల ప్రేమ గురించి పాట సాగింది.

అతిథికి కుర్చీ తక్కువై, ఒక రిటైర్డ్ నర్సు ఆ గదివైపు వెళ్లింది. లోపలి ఏడుపు విని వెనక్కొచ్చి సంఘ పెద్ద ముందు చేయి చాపింది.

"తాళంచెవి ఇవ్వండి."

"ఆరాధన అయ్యాక..."

"ఇప్పుడే ఇవ్వండి."

తలుపు తీసేసరికి అతను కుర్చీల మధ్య ముడుచుకుని ఉన్నాడు. ప్యాంటు తడిసిపోయింది. వేళ్ల కణుపులు చీరుకుపోయి రక్తం. వెనకే వచ్చిన సంఘ పెద్ద రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఛీ" అన్నాడు.

నర్సమ్మ అతన్ని, వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చిన అక్క చేతిలో పెట్టి, నేరుగా వేదిక మీదికి వెళ్లి మైకు అందుకుంది.

"వెనక గదిలో మనం ఒక మనిషిని పశువులా బంధించాం. కంపు అతనిది కాదు, మనది. మీలో ఎంతమంది జేబుల్లో బీపీ మాత్రలున్నాయో నాకు తెలుసు. వాటితో తగ్గని నమ్మకం ఇతని మాత్రతోనే ఎలా తగ్గిందండీ? ఆరోజు చప్పట్లు కొట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి. నాకు నామీదే అసహ్యంగా ఉంది."

పాస్టరు తల దించుకున్నాడు. అలాగే లేచి ముందుకొచ్చి, "ఆసుపత్రికి బండి ఎవరు తీస్తారు?" అని అడిగాడు. మూడు వందలమందిలో లేచింది ఒక్కడు, వ్యాను డ్రైవరు. మిగతావాళ్లు భోజనాలు ఎప్పుడా అని చూస్తున్నారు.

తమ్ముడు మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. చూడడానికి వచ్చింది నలుగురే. ఆ నలుగురూ మాత్రం తర్వాత కూడా వదల్లేదు. డాక్టరు దగ్గరికి డ్రైవరు తీసుకెళ్తాడు. జబ్బు ముదిరే గుర్తులేమిటో నర్సమ్మ అక్కకు నేర్పింది. అక్క కుట్టుపనిలో ఉండే మధ్యాహ్నాలు ఒక పంతులమ్మ వచ్చి అతనితో కబుర్లాడుతుంది. బుధవారం పాస్టరు వచ్చి వాళ్లతో కలిసి తింటాడు. "మాత్ర వేసుకున్నావా?" అని అడిగాకే ప్రార్థన చేస్తాడు. గోడల్లోంచి వినిపించే గొంతులు పూర్తిగా పోలేదు. తగ్గాయి. అతను చిన్న చిన్న రిపేర్లకు వెళ్తున్నాడు.

ఆ కబురు తెలిసి, ఒక బుధవారం సంఘ పెద్ద పళ్లు పట్టుకుని వచ్చాడు. "మన సంఘం చేసిన సేవకు వీడే సాక్ష్యం! వచ్చే ఆదివారం వేదిక మీద మాట్లాడాలి" అన్నాడు. సిగ్గు అన్నది ఆ మొహంలో మచ్చుకైనా లేదు.

తమ్ముడు అన్నం కలుపుతూనే తలెత్తాడు. "మైకు చెడిపోతే పిలవండి, వచ్చి బాగు చేస్తాను. మాట్లాడ్డానికి మాత్రం రానండి."

అక్క ఫక్కున నవ్వింది. పాస్టరు నవ్వలేదు. సంఘ పెద్దకు తానే కుర్చీ జరిపి అన్నాడు:

"కూర్చోండి, ఇతనితో కలిసి తినండి. జబ్బుపడిన మనిషిని వేదికెక్కించి చూపించుకోవడం సేవ కాదు. అతని మందు ఆగకుండా చూస్తూ, అతని పక్కన మనిషిగా కూర్చోవడమే సంఘం పని."