సూటిమాట, రాంగ్‌నంబర్

కళ్లద్దాల దుకాణంలో ఆయనంత మర్యాదస్తుడు మరొకరు లేరు. కుర్చీలో కూర్చున్నవాళ్లు అక్షరాలు తప్పు చదివితే తప్పని ఎప్పుడూ అనేవాడు కాదు. "మరొక్కసారి చూద్దామాండీ" అనేవాడు. కొత్త కళ్లద్దాల మీద తామే కూర్చుని విరగ్గొట్టుకుని, నేరం దుకాణం మీదకు నెట్టడానికి వచ్చినవాళ్లకు కూడా మంచినీళ్లిచ్చి, ఫ్రేముకు వేడిగాలి పట్టి వంపు సరిచేసి, చెవుల వెనక బిగువు సరిపోయిందో లేదో వేళ్లతో తడిమి చూసి మరీ పంపేవాడు. యజమాని ఆయన్ని ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే, మా మాస్టారికి కోపం అనే భాగం బిగించడం మరిచిపోయారండీ అని నవ్వేవాడు.

నిజానికి ఆ భాగం ఆయన జేబులోనే ఉండేది. అది ఫోను.

ఆయన ఇల్లున్న వీధివాళ్లందరికీ ఒక ఆన్‌లైన్ గ్రూపు ఉంది. చెత్తబండి రాలేదనీ, పిల్లి తప్పిపోయిందనీ, మళ్లీ కరెంటు పోయిందనీ అందులో రాసుకుంటారు. సొంత పేరు పెట్టుకోవాలన్న నియమం లేదు. మాస్టారు 'సూటిమాట' అని పెట్టుకున్నాడు. దుకాణంలో పొద్దస్తమానం మింగిన మాటలన్నీ సాయంత్రం ఇంటికొచ్చి, సోఫాలో ఒక మూల కూలబడి, అందులో కక్కేవాడు. కక్కాక ఒళ్లు తేలికపడేది.

వీధి మలుపులో కొత్తగా స్పీడ్ బ్రేకర్ వేశారు. అది స్పీడ్ బ్రేకర్‌లా లేదు, పడుకున్న ఏనుగులా ఉంది. వర్క్‌షాపులో అరగదీసిన లెన్సులను స్కూటరు మీద దుకాణానికి తెచ్చుకునేది మాస్టారే కనుక, ఆ ఏనుగు మీద నుంచి పడి లేచినప్పుడల్లా ఆయన గుండె డబ్బాలోని లెన్సులతోపాటు గలగలమనేది. దాన్ని తవ్వి పారేయాలని సూటిమాట రాశాడు. ఉండాల్సిందేనని 'పిడుగు' అనే పేరుగలాయన రాశాడు. గాడిద చేతికి ఫోనిస్తే ఇలాగే రాస్తుందని సూటిమాట జవాబిచ్చాడు. అక్కడి నుంచి గ్రూపులో పిల్లి తప్పిపోయినా పట్టించుకునే నాథుడు లేకపోయాడు.

పిడుగును ఆయన లెక్కచేయలేదు. తిట్టుకు తిట్టు, అక్కడితో చెల్లు. ఆయన్ని నమిలి తినేసింది 'రాంగ్‌నంబర్' అనే మనిషి. ఆ రాంగ్‌నంబర్ ఏనాడూ మాట తూలేది కాదు. "సూటిమాట గారూ, మీ మాట సూటిగానే ఉందండీ, దిక్కే కాస్త తప్పింది" అని రాసేది. మోకాళ్లు అరిగినవాళ్లు రోడ్డు దాటాలంటే బండ్లు నెమ్మదించాలి కదా అని అడిగేది. దాటడం చేతకాకపోతే ఇంట్లో కూర్చోండి అని ఈయన రాస్తే, "ఇంట్లోనే కూర్చున్నానండీ, అందుకే మీకు జవాబివ్వడానికి తీరిక దొరికింది" అని వచ్చింది. ఆ మర్యాదకు మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. దుకాణంలో తాను రోజూ ఇతరులకు చేసేది ఇదేనని ఆయనకు తోచలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భార్య ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. సాయంత్రం తడి జుట్టుతో వచ్చి, నాలుగు మెతుకులు తిని, కుర్చీలోనే కునుకు తీస్తుంది. మూడో మనిషి అత్తగారు. మావగారు పోయాక కూతురి దగ్గరికి వచ్చేసింది. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా చేసింది. హెడ్‌ఫోను పెట్టుకుని, ఈ తీగ ఆ రంధ్రంలో గుచ్చి, ఊళ్లోవాళ్ల మాటలు ఒకరికొకరిని కలిపి, తాను మాత్రం ఏమీ విననట్టు బతికిన మనిషి. ఇప్పుడు ఒళ్లో టాబ్లెట్ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. పేకముక్కల ఆట ఆడుకుంటోందని అల్లుడి నమ్మకం.

వాళ్లిద్దరి మధ్య మాటలు కొన్నే. "వచ్చారా బాబూ?" అని ఆవిడ. "వచ్చానండి అత్తయ్యగారూ" అని ఈయన. వడ్డించమంటారా, వడ్డించండి. అక్కడితో ఆ రోజుకు సరి.

ఒకరోజు ఖరీదైన లెన్సు ఒకటి పగిలింది. మాస్టారు ఆవేశం పట్టలేక, పగిలిన ముక్కలను డబ్బా మీద పెట్టి ఫోటో తీసి, 'ఇదీ మీ స్పీడ్ బ్రేకర్ నిర్వాకం' అని గ్రూపులో పెట్టేశాడు. ముక్కలు బ్రహ్మాండంగా పడ్డాయి. వాటి కిందున్న డబ్బా మూత మీద దుకాణం పేరూ వీధి నంబరూ అంతకన్నా బ్రహ్మాండంగా పడ్డాయి.

పిడుగుకు అంతకన్నా ఏం కావాలి? దుకాణం ముఖద్వారం ఫోటో, ఫోను నంబరుతో సహా గ్రూపులోకి ఎక్కించాడు. గాడిదలకు కళ్లద్దాలు కావాలంటే ఇక్కడికి వెళ్లండి, గాడిదలని పిలిచే పెద్దమనిషి ఇక్కడే ఉంటాడు అని రాశాడు. తెల్లారేసరికి దుకాణానికి ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు ఫోను చేసి గాడిదలా ఓండ్రపెట్టి పెట్టేశాడు. ఎన్నడూ దుకాణం గడప తొక్కనివాళ్లు సైతం ఇక్కడ చూపు పోగొడతారని ఆన్‌లైన్‌లో అభిప్రాయాలు రాశారు. యజమాని అరవలేదు. మన మాస్టారేనా అని మాత్రం అడిగి, సమాధానం వినకుండా లోపలికెళ్లిపోయాడు. అరిచి ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి.

ఆ మధ్యాహ్నం గ్రూపులో రాంగ్‌నంబర్ రాసింది. "సూటిమాట గారితో నాకు ఒక్క విషయంలోనూ పొత్తు కుదరదు. ఆయన మాట తప్పయితే మాటతోనే ఓడిద్దాం. అన్నం పెట్టే చోటు అడ్రసు వీధిలో పడేయడం వాదన కాదు. పిడుగు గారూ, అది తీసేయండి. మీ ఇంటి గేటు ఫోటో ఎవరైనా పెడితే మీకెలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి." గ్రూపు నడిపేవాళ్లకు కూడా గట్టిగా ఫిర్యాదు చేసింది. సాయంత్రానికి అడ్రసూ నంబరూ మాయమయ్యాయి. పిడుగు రెండు ఉరుములు ఉరిమి ఊరుకున్నాడు.

మాస్టారికి కళ్లు చెమర్చాయి. రాంగ్‌నంబర్‌కు విడిగా మెసేజి పెట్టి, తన నోటి దురుసుకు సిగ్గుపడుతున్నానన్నాడు. పరవాలేదండీ అని జవాబు వచ్చింది. ఫోటో పెట్టే ముందు మధ్యలో ఉన్నదే కాక అంచుల్లో ఏముందో కూడా చూసుకోమని ఒక సలహా కూడా వచ్చింది.

బుద్ధి వచ్చినవాడు అక్కడ ఆగాలి. మాస్టారు ఆగలేదు. ఎవరో ఏమిటో తెలియని మనిషికి, ఒక్క మంచి మాట అన్న పాపానికి, మనసులో ఉన్నదంతా ఒలకబోయడం మొదలుపెట్టాడు. ముందు దుకాణం గురించి రాశాడు. తర్వాత భార్య అలసట గురించి. తర్వాత అత్తగారి గురించి. మంచావిడేనండీ అని మొదలుపెట్టి, టీవీ వీధి చివరికి వినపడేలా పెడుతుందనీ, ఎదురుగా నిలబడ్డవాణ్ణి పట్టుకుని వచ్చారా అని అడగడమేమిటనీ, కిటికీ దగ్గరి మంచి కుర్చీ ఆవిడదైపోయిందనీ రాశాడు.

ఈ మాట ఆవిడతో అన్నారా అని రాంగ్‌నంబర్ అడిగింది. ఆవిడతో ఏం మాట్లాడతామండీ అన్నాడు ఈయన.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో వింతలు జరిగాయి. టీవీ గుసగుసలాడింది. కిటికీ దగ్గరి కుర్చీ ఖాళీ అయింది, అత్తగారు వంటింటి పక్కన ముక్కాలి పీట వేసుకుంది. సాయంత్రం ఈయన తలుపు తీసుకుని వస్తే ఎవరూ ఏమీ అడగలేదు. మీతో చెప్పుకోగానే ఇల్లు చక్కబడిందండీ, మీ చేతి చలవ అని మాస్టారు సంబరంగా రాశాడు. సంబరంలో ఇంకో వాక్యం కూడా రాసేశాడు.

కానీ ఆ కుర్చీలో కూర్చుంటే ఆయనకు ఒళ్లు ఇమడలేదు. చెప్పులు విప్పి కాసేపు గుమ్మంలోనే నిలబడేవాడు, ఎవరైనా అడుగుతారేమోనని. భార్యను అడిగితే, అమ్మ కొన్నాళ్లు పిన్ని దగ్గర ఉంటానంటోందని చెప్పింది. ఎందుకో మాత్రం చెప్పట్లేదంది. ఆయన గతుక్కుమన్నాడు. వెళ్లి అత్తగారిని అడగాలి కదా. అడగలేదు. ఫోను తీసి రాంగ్‌నంబర్‌కు రాశాడు: వచ్చారా అనేవాళ్లు లేకపోతే ఇల్లు బోసిగా ఉందండీ, ఆవిడకు ఒంట్లో బాగాలేదేమో, ఎలా అడగాలో తెలియడం లేదు.

మర్నాడు అత్తగారు దుకాణానికి వచ్చింది. దగ్గరి చూపు ఆనడం లేదని, కళ్లు చూడమంది. మాస్టారు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, లెన్సులు వేసి, అక్షరాల కార్డు చేతికిచ్చాడు.

"ఆ కార్డు నాకు కంఠతా వచ్చేసింది బాబూ. నేను రోజూ చదివేది ఇందులో. ఇది చదువుతాను" అంటూ ఆవిడ సంచిలోంచి టాబ్లెట్ తీసింది.

తీసి, ఒకప్పుడు లైను కలిపిన గొంతుతో, ఏ భావమూ లేకుండా, స్పష్టంగా చదవసాగింది. "మా అత్తగారు మంచావిడేనండీ. కానీ ఎదురుగా నిలబడ్డవాణ్ణి పట్టుకుని..."

మాస్టారి చేతిలోని లెన్సు ట్రేలో పడింది. పగల్లేదు.

"ఇక్కడిదాకా బాగానే ఆనుతోంది. కింది వరుసే మసకగా ఉంది" అందావిడ.

కింది వరుస ఏమిటో ఆయనకు కార్డు అక్కర్లేకుండానే తెలుసు. సంబరంలో రాసిన వాక్యం అది: ఆవిడ కొన్నాళ్లు ఎక్కడికైనా వెళితే ఇంకా హాయిగా ఉంటుంది.

"అది చదవకండి అత్తయ్యగారూ" అన్నాడు.

"చదివాను. చదివి మా చెల్లెలికి ఫోను చేశాను. తర్వాతేమో ఇల్లు బోసిగా ఉందని రాశారు. ఏది నమ్మాలో తెలియక, కళ్లే చూపించుకుందామని వచ్చాను."

ఆయన ఎత్తు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆన్‌లైన్‌లో పేరాలకు పేరాలు దొర్లించే మనిషికి, క్షమించమని అడగడానికి నోరు తిరగలేదు. చివరికి అడగగలిగింది ఒక్కటే: ఆ రోజు ఆవిడ పిడుగుతో తగాదా పెట్టుకున్నది తాను అల్లుడు కాబట్టేనా?

"పరాయివాడైనా రాసేదాన్ని. సూటిమాట మీరేనని డబ్బా మీద దుకాణం పేరు చూశాకే తెలిసింది. తెలిశాక కొంచెం ఘాటుగా రాశాను." ఆవిడ ఫ్రేము తీసి ఒళ్లో పెట్టుకుంది. "తప్పు నాది కూడా ఉంది. మీరు ఇంటి సంగతులు మొదలెట్టగానే నేనెవరో చెప్పాల్సింది. ఎక్స్‌చేంజిలో ఎవరి మాటైనా చెవిన పడితే తీగ పీకేసేదాన్ని. ఇక్కడ పీకబుద్ధి కాలేదు. ఇంట్లో మీరు నాతో రెండు మాటలాడరు, అక్కడ పేజీలు పేజీలు రాస్తున్నారాయె. కానీ ఒకటి చెబుతాను. నేను కాబట్టి సరిపోయింది. ఇంకెవరైనా అయితే మన ఇంటి గుట్టు ఈపాటికి పిడుగు చేతిలో ఉండేది."

"ఉండండి అత్తయ్యగారూ. ఎక్కడికీ వెళ్లకండి" అన్నాడు మాస్టారు. ఆవిడకు అది చాలినట్టే ఉంది, మళ్లీ ఫ్రేము పెట్టుకుని కార్డు అడిగి తీసుకుంది. దగ్గరి చూపు నిజంగానే కాస్త తగ్గింది.

ఆ తర్వాత ఇంట్లో నిశ్శబ్దం పోయింది. పూర్తిగా పోయింది. స్పీడ్ బ్రేకర్ ఎత్తు మీద అత్తా అల్లుడూ భోజనాల దగ్గర కంచాలు ఎండిపోయేదాకా వాదించుకునేవారు. కునుకు చెడిన కూతురు, ఇంతకుముందులాగా ఫోన్లలోనే కొట్టుకుని పుణ్యం కట్టుకోండి అని ఇద్దరికీ చెప్పి చూసింది.

మిగిలింది పిడుగు. గాడిద మాటకు క్షమాపణ చెప్పుకోవాలని, అదీ గ్రూపులో అందరి ముందూ సొంత పేరుతో చెప్పాలని మాస్టారు నిశ్చయించుకున్నాడు. రాసింది ముందుగా అత్తగారికి చూపించాడు. ఆవిడ కొత్త కళ్లద్దాలతో చదివి, "క్షమించండి, కానీ, అన్నారు. ఆ కానీ తీసేయండి" అంది. అది లేకపోతే నా వాదన పోతుందండీ అని గునిశాడు. వాదన రేపు విడిగా రాసుకోండి అంది. మాస్టారు పన్ను పీకించుకుంటున్నట్టు మొహం పెట్టి, కానీ తీసేసి, పంపించాడు.

కాసేపటికి పిడుగు జవాబు వచ్చింది. "సరే, క్షమించాను, కానీ" అని మొదలై, అది తెర నిండా పారింది.

మాస్టారి బొటనవేళ్లు వాటంతటవే లేచాయి.

"ఏం రాస్తున్నారు బాబూ?" అని అత్తగారు తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమీ లేదండి" అని ఆయన ఫోను బల్ల మీద బోర్లించి, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.