పేర్లు లేని డబ్బాలు

వీధిలో ఆవిణ్ణి అందరూ ముక్కుగారు అనేవాళ్ళు. ఎదురుగా ఎవరూ అనేవాళ్ళు కాదు గానీ, చాటున అనుకుంటారని ఆవిడకు తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఆవిడ వృత్తి బట్టలు కుట్టడం. అయినా పేరు తెచ్చింది కుట్టు కాదు, ముక్కు. పక్కింట్లో పాలు అడుగంటుతుంటే గోడకు ఇవతలనుంచి కేకేసి చెప్పిన మనిషి. పొడవు తగ్గించమని ఎవరైనా కోటు తెస్తే, మడత విప్పకముందే అది ఏ చెక్క పెట్టెలో ఎంతకాలం ముక్కిందో చెప్పేసేది.

ఇక వంటింట్లో ఆ ముక్కుదే రాజ్యం. అలమరలో ఒకే కొలత రేకు డబ్బాలు బారుగా ఉండేవి, ఒక్కదానిమీదా పేరు లేదు. కోడలు ఈ ఇంటికొచ్చిన కొత్తలో, పాపం మంచికే, చిన్న చిన్న కాగితాల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాసి అంటించింది. సాయంత్రానికల్లా అత్తగారు తడిగుడ్డ పెట్టి అన్నీ తుడిచిపారేసింది.

"మూత తీస్తే దాని పేరు అదే చెబుతుందమ్మాయ్. వాసన తెలియనివాళ్ళకి వంటింట్లో ఏం పని?" అంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మరి. కోడలు తడిసి రాలిన కాగితాలు ఏరి చెత్తబుట్టలో వేసింది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఆ పనికి చెయ్యి ఎంత కావాలో ఓర్పు అంతకు రెండింతలు కావాలి.

అత్తగారి చేతి వంటల్లో మకుటం లేని మహారాణి బ్లాండీ. ఎరగనివాళ్ళకు చెప్పాలంటే, బ్రౌనీ అనే కేకులోంచి చాక్లెట్ తీసేస్తే మిగిలే చెల్లెలనుకోవచ్చు. ఆవిడ ముందు మాత్రం ఆ మాట అనకూడదు, ఆ చెల్లెలే అక్కను మించిందని గంటసేపు వాదిస్తుంది. వెన్నను ఎర్రగా కాచాలి. అందులో బ్రౌన్ షుగర్ కరిగించి, గుడ్లు కొట్టి, మైదా, చిటికెడు ఉప్పు కలపాలి. ఎండు ఆప్రికాట్ ముక్కలు, కిస్‌మిస్, నారింజ తొక్క తురుము వెయ్యాలి. ఆఖర్న దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, శొంఠి పొడులు. వీటికి చెంచా కొలత ఏనాడూ లేదు. కొంచెం వేసి, పిండి మీదికి వంగి వాసన చూసి, మళ్ళీ కొంచెం వేసి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేది.

ఆవిడ భర్త తాళాల మేస్త్రి. ఎలాంటి మొండి తాళాన్నైనా బతిమాలి తెరిపిస్తాడు గానీ, భార్య చేసినదాన్ని మాత్రం వంక పెట్టకుండా తిని ఎరగడు. "అంచు ఒక పిసరు మాడింది." "ఉప్పు ఒక పలుకు తగ్గింది." ఆవిడ దానికి బదులుగా "మీరు మీ తాళాలు చూసుకోండి" అనేది. పెళ్ళయిన నాటినుంచీ సాగుతున్న ఆట అది. ఆట ముగిసేసరికి పళ్ళెం ఖాళీ అయ్యేది.

ఆ చలికాలం ఆవిడకు జ్వరమొచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కును కూడా వెంటబెట్టుకుపోయింది. సబ్బు వాసన లేదు, కాఫీ వాసన లేదు, మిషన్లో వేసే నూనె వాసన లేదు. లోకం మొత్తానికి ఎవరో మూత బిగించేసినట్టుంది. డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళొచ్చింది. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, ఓపిక పట్టండన్నాడాయన. ఆ మాట ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముక్కుగారికి ముక్కు లేదని తెలిస్తే ఇంకేం మిగులుతుందని ఆవిడ భయం.

ఇది చాలదన్నట్టు, ఆవిడ మంచం మీదున్నప్పుడు మేస్త్రి భార్యను సంతోషపెడదామని అలమరకు రంగు వేశాడు. డబ్బాలన్నీ దించి, రంగు ఆరాక చేతికొచ్చినట్టు మళ్ళీ సర్దేశాడు. ఇప్పుడు ఏది ఎక్కడుందో దేవుడికే తెలియాలి. కాగితాలు తుడిచిపారేసిన చెయ్యి తనదే, ఎవర్ని అనగలదు?

సరిగ్గా అప్పుడే కోడల్ని దుకాణంలో అద్దాల గదికి పెద్దను చేశారు. పాతవాళ్ళు ఇంతమంది ఉండగా ఆమెకిచ్చారు. కొడుకు రైళ్ళ మీద డ్యూటీలో ఉన్నాడు, ఫోన్లోనే సంబరపడ్డాడు. ఇంట్లో అందరికంటే ఎక్కువ పొంగిపోయింది అత్తగారే. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ, అడిగినా అడక్కపోయినా, "మా కోడలు ఇప్పుడు గదికి పెద్ద" అని చెప్పి పంపింది.

"ఆదివారం మా దుకాణం వాళ్ళని టీకి పిలిచానత్తయ్యా. మా అత్తయ్య బ్లాండీ తినకపోతే అసలు మీరు బ్లాండీ తిన్నట్టే కాదని అందరి ముందూ చెప్పేశాను" అంది కోడలు.

అత్తగారి గుండె పొంగింది, ఆ పొంగినది అక్కడే దబ్బున కిందపడింది. కోడలు పదిమందిలో తన పేరు చెప్పుకుని వచ్చింది. ఇప్పుడు ఆ పేరు నిలబెట్టాలి.

శుక్రవారం ఎవరికీ చెప్పకుండా ఒక చిన్న పళ్ళెం చేసి చూసింది. పొడుల దగ్గరికొచ్చేసరికి రంగు చూసి, గుర్తు తెచ్చుకుని, ధైర్యం చేసి వేసేసింది. తాను తింటే తీపి తెలిసింది, ఉప్పు తెలిసింది, ఇంకేమీ తెలియలేదు. సాయంత్రం భర్త ముందు పెట్టింది. ఆయన ఒక ముక్క కొరికాడు. నమలడం ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ సాగింది. ముక్క అయిపోయింది. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు మేస్త్రి.

ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట విన్న పాపాన పోలేదు. వంక పెట్టలేదంటే అది తినడానికి పనికిరాదన్నమాట. కోడలు కూడా తిన్నది, బాగుందంది, గుక్క తిప్పుకోకుండా నీళ్ళు తాగింది. జాలిపడి తింటున్న వాళ్ళను చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకు ఆ పూట తెలిసింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆదివారం పొద్దున్నే వంటింటి తలుపు దగ్గరికి వేసి, డబ్బాలన్నీ బల్ల మీద దించింది. ఓడిపోవడం ఆవిడ ఒంట్లో లేదు. ముక్కు లేకపోతే నాలుకుంది, వేళ్ళున్నాయి, కళ్ళున్నాయి. ఒక్కో పొడీ నాలిక చివర పెట్టుకుంది. చురుక్కుమన్నది శొంఠి, పక్కన పెట్టింది. నాలుక మొద్దుబారింది, అది లవంగం. మిగిలిన వాటిలో చిటికెడు చిటికెడు తీసి నీళ్ళ చుక్కలో కలిపింది. ఒకటి వేళ్ళ మధ్య జిగురుగా సాగింది. దాల్చినచెక్క పొడి తడిస్తే అలా సాగుతుందని చెంచాలు కడిగిన చేతికి తెలుసు. ఇక జాజికాయ ఒక్కటే తేలాలి. దాన్లో నూనె ఎక్కువ. గుడ్డ కత్తిరించే ముందు కొలతలు గీసుకునే కాగితం చింపి, పొడులు దానిమీద పోసి వేలితో అదిమింది. ఇప్పుడు దొరుకుతావనుకుంది.

ఒకటి కాదు, రెండు డబ్బాల పొడులు మరక పెట్టాయి. రెండూ కాస్త చేదు. రెండూ ఒకటే మట్టిరంగు. ఆవిడ అడకత్తెరలో పోకచెక్క అయింది. ఇందులో ఒకటి జాజికాయ, రెండోది వేయించి దంచిన జీలకర్ర. శుక్రవారం జాజికాయకు బదులు ఏం పడిందో అప్పుడు అర్థమై, సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తలుపు మెల్లగా తెరుచుకుంది. కోడలు వచ్చి, ఏమీ అడగకుండా, ఎదురుగా ఎత్తుపీట వేసుకుని కూర్చుంది. బల్ల మీద నీళ్ళ చుక్కలు, మరకల కాగితం, మూతలు తీసిన డబ్బాలు, అన్నీ చూసింది. తేలు కుట్టిన దొంగలా అత్తగారు కాగితం మీద అరచెయ్యి కప్పింది. ఇంటికి దుకాణం వాళ్ళొస్తారు. ఈ పిల్ల పదిమందిలో తలెత్తుకోవాలి. ఆ తల కంటే తన ముక్కు ఎక్కువా?

"అమ్మాయ్, నా ముక్కు పోయింది" అంది.

"తెలుసత్తయ్యా."

"ఎప్పట్నించి?"

"ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడిన రోజునుంచి. మీరు పక్కనే కూర్చుని బొత్తాలు కుడుతున్నారు. నేను గదిలోంచి పరిగెత్తుకొచ్చాను."

"మరి చెప్పలేదేం?"

కోడలు చున్నీ అంచు సరిచేసుకుంది. "చూపు తగ్గిందని ఇంట్లోవాళ్ళు మా దుకాణానికి లాక్కొచ్చి కూర్చోబెడితే ఎవరూ సరిగ్గా చదవరత్తయ్యా, కోపంగా అక్షరాలు ఊహించి చెప్పేస్తారు. వాళ్ళంతట వాళ్ళొచ్చి కుర్చీలో కూర్చుంటేనే అద్దం కుదురుతుంది. అందుకే ఆగాను."

అత్తగారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండింటినీ మింగేసి, రెండు డబ్బాలూ ముందుకు తోసింది. కోడలు దుకాణంలో అద్దాలు మార్చి చూపించినట్టే ఒకటి ముక్కు దగ్గరికి ఎత్తి, దించి, రెండోది ఎత్తింది.

"ఇదా, ఇదా? ఇది జీలకర్ర. ఇది మీ జాజికాయ."

"సరే, నడుం కట్టు" అంది అత్తగారు.

వెన్న గిన్నె పొయ్యెక్కింది. కోడలు దానిమీదికి వంగి వాసన కోసం చూస్తోంది. అత్తగారు దూరంగా, ఆప్రికాట్లు తరుగుతూ, చెవి అటు పడేసి నిలబడింది. వెన్నలో నీళ్ళున్నంతసేపు చిటపటలాడుతుంది. నీళ్ళు ఇగిరిపోగానే గొంతు తగ్గిస్తుంది.

"దించెయ్."

"ఇంకా వాసన రాలేదత్తయ్యా."

"వస్తుంది. ముందు దించు."

దించిన మరుక్షణం కోడలు ముక్కుపుటాలు కదిలాయి. వేయించిన బాదంపప్పు వాసన ఇప్పుడే లేచిందంది. అత్తగారు తల ఎగరేసింది. ముక్కు పోయినా చెయ్యి ఎక్కడికీ పోలేదు.

అసలు పని పొడుల దగ్గర మొదలైంది. ఆవిడ వేస్తుంది, కోడలు వంగి చూసి చెబుతుంది. "ముందు నీకు దాల్చినచెక్క రావాలి. దాని వెనకే, భుజం మీదుగా తొంగిచూస్తున్నట్టు జాజికాయ. శొంఠి ఆఖర్న గొంతులో తెలియాలి. లవంగం మాత్రం లోపలికి రాకూడదు, గుమ్మం దగ్గరే నిలబడాలి. ఇప్పుడెక్కడుంది?"

"గుమ్మం దాటలేదు. జాజికాయే ఇంకా కనబడలేదు."

ఒక చిటికె పడింది.

"ఇప్పుడో?"

"తొంగిచూస్తోంది."

"చాలు." ఇన్నేళ్ళూ తన ముక్కులోనే దాచుకున్న లెక్క మాటల్లోకి వస్తుందని ఆవిడకు తెలియదు. వచ్చేసింది. అదీ తాను చెబితే చెప్పినట్టు పట్టుకునే మనిషి దొరికాక వచ్చింది. ఆవిడకు ఆ పిల్లను చూస్తే కడుపు నిండిపోయింది.

ఓవెన్లోంచి తీసేటప్పుడు మాత్రం కోడలు భయపడింది. అంచులు గట్టిపడ్డాయి గానీ నడిమధ్య ఇంకా వణుకుతోంది. ఇంకాసేపు ఉంచుదామంది. ఆవిడ వినలేదు. నడుమ వణుకు పూర్తిగా ఆగేదాకా ఉంచితే అది బ్లాండీ కాదు, ఇటుక అవుతుంది. బయట పెట్టాక తన వేడికి తానే కుదురుకుంటుంది. చల్లారేదాకా కత్తి పట్టుకుని ఎవరూ దగ్గరికి రాకుండా ఆవిడే కాపలా కాసింది, తాళాల మేస్త్రి రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్ళాడు.

సాయంత్రం దుకాణం వాళ్ళొచ్చారు. పళ్ళెం బల్ల మీదికి రాగానే మాటలు తగ్గిపోయాయి. యజమాని రెండో ముక్క అందుకుంటూ, "మీ ముక్కు గురించి చాలా విన్నామండీ. ఇవి తింటే నిజమేననిపిస్తోంది" అన్నాడు.

అవునని ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ ఊరుకోలేదు. "నా ముక్కు ఎప్పుడో పోయిందండీ. ఇవాళ వాసన చూసింది మా కోడలు. మీ గదికే కాదు, నా వంటింటికీ పెద్ద" అంది, గర్వంగా, గదంతా వినబడేలా. కోడలు తలవంచుకుంది గానీ, చెవులదాకా ఎర్రబడ్డ సంగతి అందరూ చూశారు.

మేస్త్రి మాత్రం ఇదేమీ పట్టనట్టు మూల ముక్క ఎంచుకుని నింపాదిగా నములుతున్నాడు. ఆవిడ చూపు ఆయన మీదే ఉంది. బ్రహ్మాండం అన్నాడంటే పొద్దుటినుంచీ పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆయన మింగాడు. పెదవి విరిచాడు.

"జాజికాయ ఒక పిసరు ఎక్కువైంది."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. మీ తాళాలు మీరు చూసుకోండని నోరు తెరిచిందో లేదో, పక్కనుంచి కోడలి గొంతు ఖంగుమంది.

"ఎక్కువేం కాలేదు మావయ్యా. సరిగ్గా ఉంది. నేను చూశాను. మీరు మీ తాళాలు చూసుకోండి."

అత్తగారు తెరిచిన నోరు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా ఒక ముక్క తీసుకుంది.