కోటిబాబు ఎవరికి మొక్కాడు

మా తాతలు ఓడెక్కి వచ్చి స్థిరపడిన ఈ పరదేశపు ఊళ్లో, పబేడాన్ పేటలో మేముండే మూడో అంతస్తు వాటాకి ఆ ఉదయం ఆశ వచ్చింది. మన తెలుగు పిల్లే. ఇదే ఊళ్లోని చిమిండైంగ్‌లో పుట్టి పెరిగింది. దెబ్బలు తిన్నవాళ్లకు తోడుగా నిలబడి, కొట్టినవాళ్లను జైలుకు పంపకుండా దారిలో పెట్టాలని చూసే సంస్థ ఒకటి మా పేటలో పనిచేస్తోంది. ఆ పని నిజంగా ఫలిస్తోందా లేదా అని కనుక్కోవడానికి బయటివాళ్లు ఆశను పంపారు. మంచి ఆలోచనే. చేసినవాళ్లనే అడిగితే బాగుందనే అంటారు కదా.

మా సంగతి చెబుతాను. నా మనవరాలు జయ బట్టల కొట్లో పనిచేస్తుంది. పోయిన వానాకాలం కరెంటు పోయి మెట్లన్నీ చీకటైన ఒక సాయంత్రం, కింది వాటాలో ఉండే కోటిబాబు తాగి వచ్చి దాని చేతిలో ఫోను లాక్కోబోయాడు. అది వదల్లేదు. వాడు తోసేశాడు. దాని మణికట్టు విరిగింది. వాడేమీ పరాయివాడు కాదు. సేక్కాన్ రేవులో మూటలు మోస్తాడు, కనకరత్నం కొడుకు, చిన్నప్పుడు నా చేతి గారెలు తిన్నవాడు.

సంస్థవాళ్లు అందరినీ కూర్చోబెట్టారు. కోటిబాబు మేనమామ ఇంట్లో ఉండాలని, మా వీధికి రాకూడదని, ఇరువైపులా సర్దుకుందని తేలాక తిరిగి రావచ్చని అన్నారు. తర్వాత ఒకనాడు వాడు అరటిపళ్లు, కొబ్బరికాయ పెట్టిన పళ్లెంతో సంస్థవాళ్ల వెంట వచ్చి నా కొడుకు వీరన్నకు కడో చేశాడు. ఇక్కడి ఆచారం అది. పెద్దల ముందు మోకరిల్లి, తల నేలకు ఆన్చి, మన్నించమంటారు. పెద్దలు దీవిస్తారు. దీవించాక ఆ మాట మళ్లీ ఎత్తరు. మనకూ పెద్దల కాళ్లకు మొక్కడం ఉన్నదే కాబట్టి ఎవరికీ తేడాగా ఏమీ అనిపించలేదు. ఫోటో కూడా తీశారు. జయ ఆ వేళ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

“బాబాయ్, ఈ ప్రోగ్రాం వల్ల మీకు మంచి జరిగిందా?” అని అడిగింది ఆశ.

“జరక్కేటమ్మా! గుంటడు కాళ్ల మీద పడిపోనాడు. దీవించేసినాను. అయిపోనాది,” అన్నాడు వీరన్న.

“అయితే కోటిబాబు వచ్చేయొచ్చా?”

“వచ్చీమను. ఆడి తల్లి ఏడిసి ఏడిసి సగమైపోనాది.”

జయ మడతపెట్టిన లుంగీని విప్పి మళ్లీ మడతపెట్టింది. నేను ఆగలేకపోయాను.

“నువ్వేటంటావే జయా?”

“నన్నెవలడిగినారు మామ్మా?”

“ఇప్పుడు నేనడుగుతున్నా కదా,” అంది ఆశ. “సంస్థ నుంచి ఒక అక్క వచ్చి నీతో మాట్లాడేది కదా. హెల్ప్ అయిందా?”

“ఆ అక్క మంచిది. కట్టు ఇప్పేదాకా ఆసుపత్రికి తోడొచ్చింది. అది అయింది. ఇది అవలేదు.”

“ఏది?”

“ఆడు మొక్కింది నాన్నకి. సెయ్యిరిగింది నాకు.”

వీరన్న ముఖం ఎర్రబడింది. “ఏటే ఆ మాట! తనకంటే సిన్నదానికి ఎవడైనా మొక్కుతాడేటి?”

“మొక్కొద్దు నాన్నా. నిన్ను తోసినాను, తప్పు అని నా మొకం సూసి అనలేదు. ఇప్పుడే మామ్మ ముందు నడిస్తేగాని ఆ మెట్లు దిగలేకపోతన్నాను. ఆడొచ్చేస్తే అసలే దిగలేను. కొట్టుకెల్తన్నాను గాబట్టి బాగున్నాననుకుంటన్నారు మీరంతా.”

ఆశ తన కాగితం మీద రాసుకున్నది కొట్టేసింది.

“ఆ ఫోటో చూసి ఇక్కడ బాగా జరిగిందనుకున్నాం,” అంది. “ఇంకొన్ని ఇళ్లలో కూడా ఇలాగే కడో చేయించారు. అక్కడికీ మళ్లీ వెళ్లాలి.”

“దీవించిన నోటితో ఆడిని రావద్దని ఎలాగంటాను?” అన్నాడు వీరన్న.

“నువ్వనక్కర్లేదు. నానంటాను,” అంది జయ.

సాయంత్రానికి కబురు కిందికి చేరింది. కనకరత్నం వీధిలో నిలబడి పైకి కేకేసింది.

“ఏటే జయా! దీవించినోల్లు మల్లీ ఈదిలోకి రానివ్వరేటి? నా కొడుకు తాగుడు మానేసినాడే! సంస్తోల్లు సెప్పిందల్లా సేసినాడే!”

అది అబద్ధం కాదు. వాడు మారాడనే నేనూ విన్నాను.

జయ బాల్కనీలోకి వెళ్లింది. కమ్మీ పట్టుకుని కిందికి చూసింది.

“మారితే మంచిదే అత్తా. నీ మీద నాకు కోపం లేదు. ఇప్పుడు మాత్రం రావద్దను.”

“ఇంకెప్పుడే మరి?”

“నాను కబురెడతాను. అప్పుడు.”

కనకరత్నం అక్కడే నిలబడిపోయింది. జయ కూడా లోపలికి రాలేదు.