మంత్రిగారికి ఏడ్చేవాళ్ళు

మనీలాలో మా నాన్న శవానికి తుపాకులు పేల్చారు, బాకాలు ఊదారు. ఏడ్చినవాళ్ళు మాత్రం లేరు. ఆర్థికమంత్రిగా ఎవరిస్తో పగడ్వాన్ దేశ ఖజానాను ఎలా నిలబెట్టాడో పెద్దమనుషులు ఒకరి తరవాత ఒకరు మైకు ముందు చెప్పి, గడియారం చూసుకుని వెళ్ళిపోయారు. నేనూ ఏడవలేదు. నన్నెవరూ తప్పు పట్టలేదు. రాజధానిలో పొడికళ్ళు మర్యాద కిందే చెల్లుతాయి.

ఇలోకోస్‌లో, ఉత్తరాన మా ఊళ్ళో, అలా చెల్లదు. శవం లేచేదాకా ఇంటి ముందు దుంగ మండుతూనే ఉండాలి. ఒక పెద్దావిడ శవపెట్టె పక్కన కూర్చుని పోయినవాడి బతుకంతా రాగం తీసి చెప్పాలి. పొగడాల్సింది పొగుడుతుంది, తిట్టాల్సింది తిడుతుంది. ఆ పాటను దుంగావ్ అంటాం. ఒకచోట ఆవిడ ఆగుతుంది. అప్పుడు ఇంటివాళ్ళు పోయినవాడి తరఫున ఊరిని క్షమించమని అడగాలి. అడిగాకే ఊరి మగవాళ్ళు పెట్టెకు భుజం పడతారు. అడగకపోతే పట్టరు.

నాన్న పోయేముందు నాకు రెండు మాటలు చెప్పాడు. "నన్ను మా అమ్మ పక్కన పెట్టు" అన్నది మొదటిది. "నా తరఫున ఎవర్నీ క్షమాపణ అడక్కు. నేను లెక్క సరిగ్గానే వేశాను" అన్నది రెండోది. ఒకే ఒరలో రెండు కత్తులు పెట్టి నా చేతికిచ్చి, ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ లెక్క సంగతి మా ఊళ్ళో పసిపిల్లలక్కూడా తెలుసు. అప్పట్లో మా పొగాకును సర్కారు బజారు ధర కంటే ఎక్కువిచ్చి కొనేది. కొన్న ఆకు గోదాముల్లో బూజు పట్టేది. నాన్న మంత్రి అయ్యాక ఒక్క సంతకంతో ఆపేశాడు. ఆ ఏడు మా వాళ్ళు కొట్టాల్లో వేడికి ఆరబెట్టి, కట్టలు కట్టి తెచ్చిన ఆకును గోదాము గుమ్మంలోనే తిప్పిపంపారు. బంగారంలాంటి ఆకు గొడ్ల కింద పరుపైంది. విదేశాల్లో అప్పులిచ్చే దొరలు నాన్నను లేచి నిలబడి పలకరించారు. ముగ్గురు అధ్యక్షులు మారినా ఆయన కుర్చీ మారలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా నాన్న రచ్చ గెలిచి, ఇంటికి మళ్ళీ రానేలేదు. పెట్టెలోనే వచ్చాడు.

ఊరు రాలేదు. మా ఇంటిని కనిపెట్టుకుని ఉండే బాబాయి కొడుకు దెల్ఫిన్ ఒక్కడే దుంగను ఎగదోస్తూ కూర్చున్నాడు. వీధి అవతల మగవాళ్ళు గోడకానుకుని చూస్తున్నారు తప్ప ఒక్కడూ దాటడం లేదు. పొద్దున మనీలా నుంచి ఒక అధికారి పూలచక్రం తెస్తే, నేను అలవాటు కొద్దీ గేటుదాకా వెళ్ళబోయాను. దెల్ఫిన్ చేయి పట్టుకుని లాగాడు.

"నీకేమైనా మతిపోయిందా అక్కా? శవమున్న ఇంటోళ్ళు వచ్చినోళ్ళని సాగనంపితే ఇంకో శవాన్ని పిలిచినట్టే. థాంక్స్ కూడా చెప్పకూడదు. మనీలా నీళ్ళు తాగి అన్నీ మర్చిపోయావ్."

కూర్చున్నాను. నాకు చావు భయం కలగలేదు. ఏదీ కలగడం లేదు. పంటి డాక్టరు సూదేశాక దవడ ఉంటుంది కదా, ఒళ్ళంతా అలాగే ఉంది.

మధ్యాహ్నం ఎండ దిగుతుండగా సబీనియానా అత్త వచ్చింది. వీధిలో గుసగుస ఆగిపోయింది. చిన్నప్పుడు ఆవిడా నాన్నా ఒకే పందిట్లో కూర్చుని పొగాకు గుచ్చారు. ఆకు తిప్పిపంపిన ఏడాది ఆవిడ మొగుడు రొసెందో భూమి వెతుక్కుంటూ దక్షిణాన మిందనావ్ దీవికి వెళ్ళి, మలేరియాతో అక్కడే పోయాడు. ఆవిడ చంకలో ఒక మసిపట్టిన కర్ర ఉంది. ఆకు ఆరబెట్టే కొట్టంలో, గుచ్చిన ఆకును దూలానికి వేలాడదీసే కర్ర. దాన్ని మంట పక్కన పెట్టింది కానీ మంటలో వెయ్యలేదు. లోపలికొచ్చి, నల్లగుడ్డ తలమీద కప్పుకుని, పెట్టె పక్కన కూర్చుని గొంతెత్తింది.

"ఒరే ఎవరిస్తో, ఆకు గుచ్చీ గుచ్చీ వేళ్ళు జిగురెక్కితే, పుస్తకం పేజీలు నాలుకతో తిప్పినోడా! చర్చి ఫాదరు చదివిస్తానంటే, మీ అమ్మ ఉన్న ఒక్క పందినీ అమ్మి నీకు చెప్పులు కొనింది. నీకు ఓట్లడగడం చేతకాకపోతే మా ఆయన నిన్ను బండెక్కించి ఊరూరా తిప్పాడురా. గెలిచావు. మంత్రివయ్యావు. దొంగసొమ్ము ముట్టలేదు, ఆ మాట నేనే చెప్తా. చిరిగిన చొక్కా కుట్టించుకుని తొడిగావంట. మరి మా కడుపు చిరిగితే కుట్టినోడేడిరా? ఆకు తిప్పికొట్టిన రోజు రొసెందో రోడ్డుమీదే కూలబడ్డాడు. నువ్వు రాలేదు. ఆయన పోయాడు. నువ్వు రాలేదు. ఇప్పుడు మాట్లాడలేనప్పుడు వచ్చావా, నాయనా?"

వీధి అవతల ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు. దెల్ఫిన్ బాహాటంగా ఏడుస్తున్నాడు. ఆవిడ ఆగింది.

అందరూ నావైపు చూశారు. నేను పెట్టె మూతకున్న అద్దంలోంచి నాన్న మొహం చూశాను. క్షమాపణ అడక్కు అన్న నోరు అలాగే బిగుసుకుని ఉంది. ఆయన మాట నేనెప్పుడూ జవదాటలేదు. పెళ్ళి వద్దన్నాడు, మానుకున్నాను. తన పక్కనుండమన్నాడు, ఉండిపోయాను. నోట్లో నాలుక ఉంది కానీ అది నాది కానట్టు ఉంది.

సబీనియానా అత్త చాలాసేపు చూసింది. తరవాత తలమీది గుడ్డ తీసి మడిచింది. మోకాళ్ళమీద చెయ్యి ఆనించి లేచి, బయటికి నడిచింది. మంట పక్కన కర్రను మళ్ళీ చంకలో పెట్టుకుంది. ఆవిడ గేటు దాటితే ఇక ఎవరూ రారు. నాన్నను మోయడానికి మనీలా నుంచి కూలివాళ్ళను పిలిపించుకోవాలి.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. మెట్లు దిగి పరుగెత్తాను.

"అక్కా, ఆగు! గేటు దగ్గరికి పోకూడదు!" దెల్ఫిన్ అరుస్తున్నాడు.

గేటు దగ్గర ఆవిడ కొంగు పట్టుకున్నాను. ఆవిడ అదిరిపడింది.

"లోపలికి పోవే పిచ్చిదానా! నన్ను సాగనంపుతావా? ఇంటిమీదికి ఇంకో చావు తెస్తావా?"

"ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే అత్తా. వస్తే నాకే వస్తుంది, రానీ" అన్నాను. గొంతు ఎవరిదో వింటున్నట్టుంది. "మా నాన్న లెక్క తప్పు కాదు. ఆయన చెప్పాడు, నేనూ నమ్ముతున్నా. అయినా క్షమించండి. మీరూ, ఊరూ. ఆయన అడగొద్దన్నాడు. నేనడుగుతున్నా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"లెక్క తప్పని నేనన్నానటే? గోదాములో ఆకు కుళ్ళడం మేం చూళ్ళేదా? గుమ్మంలో నిలబడి, మా మొహాలు చూసి, ఆ ముక్క వాడి నోటితో చెప్తే సరిపోయేది. రొసెందో చచ్చేదాకా వాడికోసం చూశాడు."

అని, నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది. దారిలో కర్రను మంటలో పడేసింది. పాత పొగాకు వాసన గుప్పుమంది. వీధి అవతలి మగవాళ్ళు టోపీలు తీసి ఒక్కొక్కరే ఇవతలికి దాటడం మొదలుపెట్టారు.

నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. పెట్టె పక్కన ఆవిడ చూపించిన చోట కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ తలమీద గుడ్డ కప్పుకుని, అద్దంమీద వేలితో రెండుసార్లు కొట్టి, పాట అందుకుంది.

"విన్నావా ఎవరిస్తో? నీ కూతురు మొదటిసారి నీ మాట వినలేదు. ఇంక పడుకో నాయనా."