రీడా, రెడ్డా

పెరంబూరులో ఏకాంబరానికి స్టీలు పాత్రల కొట్టుంది. కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్ళు బేరం కూడా ఇంగ్లీషులోనే ఆడుతుంటే తట్టుకోలేక, భార్య వాసవాంబను వెంటబెట్టుకుని ఆదివారం ఇంగ్లీషు క్లాసులో చేరాడు.

ఆ వారం లూర్దుమేరి టీచరు, పాస్ట్ టెన్సులో కూడా రూపం మారని మాటలు చెప్పింది. కట్, షట్. "రీడ్ మాత్రం టక్కరిది. రాత మారదు, పలుకు మారుతుంది. ఇప్పటిదైతే రీడ్, అయిపోయిందైతే రెడ్. ఒక్కోదానికి ఒక వాక్యం రాసుకురండి," అంది.

మర్నాడు పొద్దున ఏకాంబరం స్నానానికి వెళ్ళగానే వాసవాంబ ఆయన నోటుబుక్కు తెరిచింది. కాపీ కొట్టడానికే, ఇంకే ఉద్దేశమూ లేదు. వేలు కోసుకున్నాడట. కొట్టు మూశాడట. మూడో వాక్యం కొట్లో కూర్చుని ఉత్తరం చదవడం గురించి. అది రంజిత ఉత్తరం.

రంజిత అంటే మైలాపూరు సంబంధం. వీళ్ళ పెళ్ళికి ముందు కుదిరి తప్పిపోయింది. ఆవిడ రాసిన ఒకే ఒక్క ఉత్తరాన్నీ చించేశానని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు ఏకాంబరం. అయినా ఇరవై రెండేళ్ళుగా మైలాపూరు పేరు వింటే చాలు, వాసవాంబకు కడుపుమంట.

ఇంతకీ ఇది రీడా, రెడ్డా? రెడ్ అయితే ఎప్పుడో చదివినట్టు. రీడ్ అయితే ఆ కాగితం ఇంకా కొట్లో గిన్నెల వెనక భద్రంగా ఉన్నట్టు. ఇంగ్లీషు వాళ్ళకు ఇంకో అక్షరం కరువైందా అని తిట్టుకుంటూ సాంబారులో రెండుసార్లు ఉప్పేసింది.

టిఫినుకు కూర్చున్న మొగుడి ముందు నోటుబుక్కు పెట్టింది.

"ఈడ రాసిండేది గట్టిగా చదవండి. టీచరు పలుకు చూస్తాది గదా."

ఏకాంబరం కళ్ళజోడు పెట్టుకుని మొదటి రెండూ చదివాడు. మూడోదాని దగ్గర ఆగి ఆమె మొహం చూశాడు.

"ఐ రెడ్," అన్నాడు మెల్లగా.

వాసవాంబకు ప్రాణం లేచొచ్చింది. అయిపోయిన సంగతే. ఇంకో దోసె వేసి, దాని మీద నెయ్యి కూడా వేసింది.

"మన పెండ్లికి ముందు గదా," అంది, ఊరికే.

ఏకాంబరం దోసె తుంచలేదు.

"లేదు వాసూ. పోయిన శుక్రవారం. చించేస్తినని నీకు అబద్ధం చెప్పినా."

వాసవాంబ నెయ్యి గిన్నె తీసి అవతల పెట్టింది.

"పలుకు సరిగ్గానే ఉండాది," అంది.